పెద్దాయన నోరు

“కాళ్ళు దులుపుకొని రాండి! ఊడ్చేది నేను, తొక్కేది మీరు. మీ చేతికి చీపురిచ్చినా ఆ మూల దుమ్ము ఈ మూలకు తోస్తారు, అంతే.”

రాజారత్నం అయ్యవారు గుడి వాకిట్లో నిలబడి అరుస్తున్నాడు. ఆదివారం పొద్దున ఆరాధనకు వచ్చినవాళ్ళంతా మెట్ల మీదే ఆగిపోయారు. ఊళ్ళో రెడ్ల కళ్ళాలన్నీ ఊడ్చి బతికే ఆనందమ్మకు ఒళ్ళు మండింది.

“ఇట్లియ్యి అయ్యవారూ, నేను ఊడ్చేది సూద్దువు.”

“నీకా? ఛీ!”

ఆనందమ్మ ఆయన చేతిలోంచి చీపురు లాక్కుంది. గుడంతా ఊడ్చి, దుమ్మంతా ఆయన కాళ్ళ ముందే కుప్ప పోసింది.

పూతలపట్టు రోడ్డు పక్కన పెంకుల కప్పు క్రైస్తవుల గుడి అది. కొద్దిమందే సంఘం. పాస్టరయ్య చిత్తూరులో ఉంటాడు. యుద్ధం వచ్చి పెట్రోలు కరువయ్యాక, బొగ్గు బస్సు కదిలితే నెలకొకసారి వస్తాడు, లేకపోతే అదీ లేదు. మిగతా వారాలు గంట కొట్టడం, వాక్యం చదవడం, ప్రసంగం, రోగుల్ని పలకరించడం, అన్నీ సంఘపెద్ద రాజారత్నమే. మిషన్ బడిలో పాఠాలు చెప్పి మానుకున్న మనిషి. ఒకప్పుడు మెత్తగా మాట్లాడేవాడు. పోయిన ఏడాది నుంచి నోరు పాడైపోయింది.

గంట తాడు మీద చెయ్యి వేసినందుకు ఓబయ్యను, “నువ్వు కొడితే ఎద్దు తప్పిపోయిందేమోనని ఊరంతా దొడ్లలో ఎతుకుతారు” అన్నాడు. ఐదో తరగతి దాకా చదివిన నాగరత్నమ్మను అందరి ముందూ, “నీ సదువు అయ్యేలోగా ప్రభువు రాకడ కూడా అయిపోతుంది” అన్నాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకొని బయటికి పోయింది. ఆ రోజు నుంచి పొయ్యి దగ్గర కూడా బైబిలు పెట్టుకొని గట్టిగా చదవసాగింది. ఓబయ్య ఉత్త చేతుల్తో గాల్లో తాడు లాగి చూసుకునేవాడు.

ఆనందమ్మకు అసలు దెబ్బ ఆ వానాకాలంలో తగిలింది. మంచాన పడిన అత్త తిరుమలమ్మ ప్రార్థన కావాలని అడిగింది. ఆనందమ్మ పంతం దిగమింగుకొని పోయి పిలిచింది. అయ్యవారు అరుగు మీద నుంచి లేవలేదు.

“నేను రాను.”

“ముసిల్ది అడుగుతాండాది అయ్యవారూ. రేపో మాపో అన్నట్టుండాది.”

“నీకు నోరు లేదా? గట్ల మీద కొట్లాడేదానికి లేస్తాది కదా, దేవుని ముందు లేవదా? పో!”

దారి పొడవునా ఏడుస్తూ వచ్చి మంచం పక్కన మోకాళ్ళూనింది. ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పి ప్రార్థన చెయ్యని మనిషి.

“దేవా, ఆ మనిషి రాడంట. నువ్వన్నా రా.”

తరువాత మాటలు వాటంతటవే వచ్చాయి. ముసలమ్మ కోడలి తల మీద చెయ్యి పెట్టింది.

“ఇన్ని దినాలూ ఎందుకు సెయ్యలేదే?” అంది.

అత్త పోయింది. పూడ్చిన మట్టి ఆరీ ఆరకముందే ఆనందమ్మ ఇల్లిల్లూ తిరిగింది. “గుడేమన్నా ఆయన సొత్తా? మనం మనుసులం కామా?” అంది. ఆ మాట అందరికీ తగిలింది.

పాస్టరయ్య వచ్చిన వారం సంఘమంతా కూర్చుంది. గంట ఓబయ్యకియ్యాలన్నారు. వాక్యం నాగరత్నమ్మ చదవాలన్నారు. రోగుల దగ్గరికి ఆనందమ్మ పోవాలన్నారు. ప్రతి మాటకూ రాజారత్నం అడ్డం పడ్డాడు. ఆఖరికి లేచి తాళంచెవి బల్ల మీదికి విసిరాడు.

“నడపండి, నేనూ సూస్తా! నాలుగు వారాల్లో ఈ గుడికి గబ్బిలాలే దిక్కు.”

“మాకు పట్టుదల లేదనుకున్నావా అయ్యవారూ?” అంది ఆనందమ్మ. “నువ్వు సూస్తానే ఉండు.”

ఒక్క ఆదివారం తప్పినా ఆయన నవ్వుతాడని ఎవరూ పని తప్పలేదు. ఓబయ్య జ్వరంతో కూడా వచ్చి గంట కొట్టాడు. నాగరత్నమ్మ తడబడకుండా చదివింది. ఆనందమ్మ వాన నీళ్ళలో నడిచి పక్కూళ్ళకు కూడా పోయింది. రాజారత్నం వెనక బల్ల మీద కూర్చొని మూతి తిప్పుకునేవాడు. ఆయన్ను ఎవరూ పలకరించేవాళ్ళు కాదు.

మాఘమాసంలో ఒక పొద్దున ఆయన నిద్రలోనే పోయాడు.

ఓబయ్య గంట కొట్టాడు. నాగరత్నమ్మ చదివింది. ఆనందమ్మ ప్రార్థన చేసింది, రెండే మాటల్లో. ఒక్కరి కళ్ళూ తడవలేదు.

పూడ్చి వస్తుంటే, కబురంది వచ్చిన పాస్టరయ్య ఆమె పక్కన నడిచాడు.

“అన్నీ చక్కగా జరిపించారమ్మా. పాపం, ఆయన భయపడినట్టు కాలేదు.”

“ఆయనకు బయమా? దేనికి?”

“పోయిన ఏడాదే పెద్దాసుపత్రిలో గుండె ఎక్కువ కాలం నిలవదన్నారు. తనతోనే గుడి మూతపడుతుందని నా దగ్గర కూర్చొని ఏడ్చినాడు.”

ఆనందమ్మ నిలబడిపోయింది. గొంతులో కోపం ఇంకా చల్లారలేదు.

“ఆ ముక్క మాకు సెప్పింటే పోయేది కదా! మంచిగా అడిగింటే మేం సెయ్యమా?”

“ఎన్నేండ్లు మంచిగా అడిగినాడమ్మా! ఆరాధన అయినాక ప్రతి వారం చేతులు జోడించి అడిగేవాడు. ఒక్కరన్నా లేచినారా?”

ఆనందమ్మ వెనక్కి తిరిగి ఆయన్ను పూడ్చిన చోటు వైపు చూసింది.

“అందుకే తిట్టడం మొదలుపెట్టినాడు.”