లిఫ్టులో వినిపించిన గొంతు

"ఇది మధ్యలో ఆగిపోతే మన గతేంటి?"

లిఫ్టు తలుపులు మూసుకుంటుండగానే ఆమె పైకి అనేసింది.

"రోజూ అంటావమ్మా. రోజూ ఇంటికే వెళ్తున్నాం" అంది కూతురు. ఏడేళ్ల ఆ పిల్లని ఇంట్లో పిచ్చుక అంటారు. నోరు ఊరుకోదు మరి.

ఆమె భయాలకి అంతు లేదు. కట్టేసిన గ్యాసుని మళ్లీ వెళ్లి చూసుకుంటుంది. పడుకున్న పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది.

"అది కంప్యూటర్ లిఫ్టే. నీలాగా కంగారుపడదు. ఎర్ర బటన్ నొక్కితే మనిషి పలుకుతాడు" అని భర్త నవ్వుతాడు.

నిజమే, ఆ మధ్యాహ్నం లిఫ్టు ఏమీ కంగారుపడలేదు. నింపాదిగా ఆగిపోయింది. లైటూ ఆరిపోయింది.

తలుపులు బాదింది. ఎవరూ పలకలేదు. సెల్లు తీస్తే సిగ్నల్ లేదు.

"ప్రభువా! ప్రభువా!"

"దేవుడికి కూడా సిగ్నల్ అందదా అమ్మా?" అని అడిగి పిచ్చుక దగ్గింది.

ఆ దగ్గు ఆమెకి తెలుసు. దాని వెనకాలే పిల్లికూతలు మొదలవుతాయి. పీల్చే మందేమో ఇంట్లో టీవీ పక్కన ఉండిపోయింది.

చీకట్లో తడుముకుని ఎర్ర బటన్ నొక్కింది.

మోగగా మోగగా, "చెప్పండమ్మా" అంది ఓ మగగొంతు. నిద్రలోంచి లేచినట్టు నీరసంగా ఉంది.

"లిఫ్టు ఆగిపోయింది! నా బిడ్డకి ఆయాసం! తొందరగా రండి!"

"పార్కు ఎదురుగా ఉన్న బిల్డింగేనా అమ్మా?"

"మీ లిఫ్టు ఎక్కడుందో మీకే తెలీదా?"

"తెలుసమ్మా. ఇంకో ఫోన్లో మెకానిక్కి చెప్పిస్తున్నాను. వచ్చేస్తాడు."

"చెప్పించడమేంటి? మీరు రండి!"

"నేను రాలేనమ్మా."

"కుర్చీలోంచి కదలకుండానే జీతం తీసుకుంటున్నారా? నా బిడ్డకి ఏమన్నా అయితే మిమ్మల్ని ఊరికే వదలను!"



"తిట్టండమ్మా, ఫర్వాలేదు. నేను మాత్రం ఫోన్ పెట్టెయ్యను. పాపేదీ?"

పిచ్చుక ఊపిరి ఈల వేస్తోంది. ఒళ్లంతా చెమట.

"తల్లీ, సబ్బు బుడగలు ఊదుతావా?"

"ఊ..."

"పెద్ద బుడగ రావాలంటే ఎలా ఊదాలి?"

"మె...ల్లగా."

"అదీ! పెదాలు సున్నాలా చుట్టు. నేనూ ఊదుతాను. ఎవరి బుడగ పెద్దదో చూద్దాం."

చీకట్లో ఆ ముసలిగొంతూ ఈ పసిగొంతూ లేని బుడగల్ని ఊదుకున్నాయి.

"నాది పగిలిపోయింది తాతా."

"నాదీ పగిలింది. మళ్లీ ఊదుదాం."

"నువ్వు తొండి! నాకు కనపడట్లేదుగా!"

పిల్ల తొండి అందంటే ఊపిరి కాస్త కుదిరినట్టే.

"తాతా, దేవుడికి సిగ్నల్ అందుతుందా?"

"ఆయనకి సిగ్నల్‌తో పనేముంది తల్లీ. ఈ తిప్పలన్నీ మనకే." ఆ గొంతు ఆయాసపడుతూనే ప్రార్థన చేసింది. "ప్రభువా, ఆ చీకట్లో వీళ్లతో పాటు నువ్వూ ఉన్నావు. తలుపు తీసేవాణ్ని త్వరగా తీసుకురా."

పిచ్చుక ఆమెన్ అంది. తల్లి అనలేదు. ఆమె చెవులు మెకానిక్ అడుగుల చప్పుడు కోసమే రిక్కించి ఉన్నాయి.

తలుపు తెరుచుకుంది. ఆమె పిల్లని ఎత్తుకుని మెట్లెక్కి ఇంటికి పరుగెత్తింది. మందు పీల్చాక పిచ్చుక మళ్లీ కిచకిచలాడింది. అప్పుడు ఆమె కోపమంతా మూటకట్టుకుని కిందికి దిగి మెకానిక్‌ని నిలదీసింది.

"మీ ఆఫీసులో ఫోన్ ఎత్తినాయన పేరు చెప్పు!"

"మా ఆఫీసులో మనిషెవరున్నారమ్మా? ఫోన్లన్నీ కంప్యూటరే ఎత్తుతుంది" అన్నాడు మెకానిక్.

"మరి ఇందాక నాతో మాట్లాడిందెవరు?"

అతను బటన్ పక్కన రేకు విప్పి చూశాడు. నాలుక కరుచుకున్నాడు.

"బిగించిన రోజు ఒక అంకె తప్పు కొట్టానమ్మా. ఎవరింటికో వెళ్తోంది. లిఫ్టు ఆగినప్పుడల్లా, లోపల అంటించిన నా నంబరుకి ఎవరో ఫోన్ చేస్తుంటే మీ వాచ్‌మన్ ఇంటివాళ్లనుకున్నాను."

నంబరు అక్కడికక్కడే సరిచేశాడు. పాత నంబరు ఆమె అడిగి తీసుకుంది.

ఫోన్ చేద్దామంటే మొహం చెల్లలేదు. రేపు చేద్దాం అనుకుంది. ఆ రేపు రాగానే మళ్లీ రేపు అనుకుంది. ఆదివారం చర్చిలో క్షమాపణ ప్రార్థన దగ్గర ఆమె నోరు పెగల్లేదు. ఆరాధన అయిపోకముందే బయటికొచ్చి, గోడ పక్కన నిలబడి నంబరు నొక్కింది.

అవతల ఎవరో ఎత్తారు.

"అయ్యా, ఆ రోజు లిఫ్టులోంచి మిమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టింది నేనే. తెలీక అన్నాను, క్షమించండి. పాప బాగుంది. తాతతో మళ్లీ బుడగలు ఊదుతానంటోంది."

సెల్లు చెవి దగ్గర్నుంచి తీసి చూసుకుంది. లైను తెగలేదు.

"అయ్యా, ఉన్నారా?"

ఓ ఆడగొంతు పలికింది.

"మొన్న శుక్రవారం ఆయన్ని సమాధి చేశామమ్మా. మెడ కింద ఏదీ కదలని మనిషి, ఇన్నేళ్లూ ఆయన చెవి దగ్గర ఫోన్ నేనే పట్టుకునేదాన్ని. తప్పు నంబరని మీ వాళ్లకి చెప్పేద్దామంటే వద్దనేవారు, ఆ తలుపు తెరుచుకునే చప్పుడు వినాలని."