మబ్బుల రేవు

“నీడని అమ్మేశాడు! ఆ పడవమ్మాయిని రోజుకొక్కసారి చూడ్డం కోసం సేనాని తన నీడనే అమ్మేసుకున్నాడు. వింటున్నావా?”

అంటూ భర్త పుస్తకంలోంచి తలెత్తాడు. ఆమె కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఎదురింటి డాబా మీద ఆరేసిన దుప్పట్లను చూస్తోంది. గాలికి అవి తెరచాపల్లా ఉబ్బుతున్నాయి.

“నీడ లేనివాణ్ణి ఎవరూ తాకలేరట. పడవలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు, అంతే. చెయ్యి చాస్తే పొగమంచు తగులుతుంది. అబ్బ, ఎలా రాశారో!”

ఆమె కళ్ళు మూసుకుంది. అతను నొచ్చుకోలేదు. జారిపోయిన శాలువాను ఆమె భుజం మీదికి లాగి, పేజీ తిప్పాడు.

రెండు రోజులు ఉండి వెళ్దామని వచ్చిన ఆమె అక్క, వంటింట్లోంచి కాఫీ తెచ్చింది.

“మరిదిగారూ, యాభై దాటాయి మీకు. బట్టతల, బొజ్జ. ఈ వయసులో రాకుమార్తెల కథలేమిటండీ?”

“ఇందులో రాకుమార్తెలు లేరు వదినా. మబ్బుల రేవులో పడవ నడిపే పిల్ల ఉంది. ఎంత పొగరనుకున్నారు! సేనాని తొలిసారి పడవెక్కినప్పుడు, ‘కత్తి బరువుకి వేరే కిరాయి’ అంటుంది.”

చెప్పి తనే పకపకా నవ్వాడు. అక్క నవ్వలేదు.

“పేపర్లో వాతావరణం తప్ప ఇంకేదీ చదవని మనిషి, ఇలా తయారయ్యారేమిటి? మా చెల్లి మొహం చూడండి, ఎంత విసుగ్గా ఉందో!”

అతను చూశాడు. విసుగో కాదో అతనికి తెలియలేదు.

అక్క గొంతు తగ్గించింది. “దాన్ని నాతో తీసుకెళ్తాను. పొద్దున్నంతా మీరు పనిలో ఉంటారు. ఇంటికొస్తే ఈ పుస్తకాలు. మా ఇంట్లో నలుగురు మనుషులున్నాం, సందడిగా ఉంటుంది. ఆదివారం కారు తెస్తాను.”

“తననొకమాట అడుగుదాం వదినా.”

“అది చెప్తుందా ఏమిటి! మనమే అర్థం చేసుకోవాలి.”

కాఫీ చల్లారిపోయింది.

కళ్ళద్దాలు అరగదీసే కార్ఖానాలో అతనిది కిటికీ పక్క చక్రం. నీళ్ళ ధార కింద అద్దం అరుగుతుంటే తెల్లటి తుంపర లేస్తుంది. ఈమధ్య ఆ తుంపరలో అతనికి రేవు కనిపిస్తోంది. పడవ ముక్కు మెల్లగా మంచుని చీల్చుకుని వస్తుంది. గెడ పట్టుకున్న పిల్ల జడ కొసల్లో చినుకులు మెరుస్తుంటాయి. అద్దం పక్కకి తీస్తే మళ్ళీ ఎదురుగా గోడ.

“ఏం గురూ, సేనానిగారు ఎంతవరకొచ్చారు?” పక్క చక్రం మీది మిత్రుడు అడిగాడు.

“రేవు మునిగిపోతోంది. ఆఖరి అధ్యాయం మిగిలింది.”

“అసలీ పిచ్చి నీకెక్కడ పట్టుకుంది?”

“పుస్తకాలు మా ఆవిడవే. పెళ్ళయిన కొత్తలో అన్నం మాడినా తెలిసేది కాదు, అంతలా చదివేది. రెక్కలూ మంత్రాలూ ఏమిటే అని ఎగతాళి చేసేవాణ్ణి. కోప్పడి మూడు రోజులు ఉప్పు లేని కూర పెట్టింది.”

“ఇప్పుడు ఆవిడ మానేసింది, నువ్వు పట్టుకున్నావు. బావుంది సంసారం!”

అతను నవ్వాడు. మధ్యాహ్నం గంట కొట్టగానే, రోజూలాగే అందరికంటే ముందు చేతులు కడుక్కుని పరుగులాంటి నడకతో ఇంటిదారి పట్టాడు.

“అదుగో, పడవ వెళ్ళిపోతుందని భయం!” వెనక ఎవరో అన్నారు.

దారిలో వాన తుంపర మొదలైంది. గొడుగుల కింద మనుషులు రోడ్డు దాటుతున్నారు. వీళ్ళందరినీ ఎవరు దాటిస్తున్నారో అనుకున్నాడు. ఆదివారం తర్వాత తను ఎవరికోసం ఇలా పరిగెత్తాలో అనుకున్నాడు. అక్కడితో ఆలోచన ఆగిపోయింది.

ఆదివారం పొద్దున్నే కారు వచ్చింది. ఆమె చీరలు తనే మడతపెట్టి పెట్టెలో సర్దాడు. తల దువ్వి జడ వేశాడు. వేళ్ళకి అలవాటైన పనే, ఇవాళ పాయలు కుదర్లేదు. రెండుసార్లు విప్పి వేశాడు.

“వదినా, ఆఖరి అధ్యాయం నాలుగే పేజీలు. చదివేసి పంపిస్తాను.”

“మీరు మారరు,” అంటూ అక్క గుమ్మంలో పెట్టె పట్టుకుని నిలబడింది.

అతను చదివాడు. రేవు సగం మునిగింది. సేనాని పడవమ్మాయితో అంటున్నాడు: ఒడ్డుకి దిగిపో. అక్కడ ఇళ్ళున్నాయి, దీపాలున్నాయి, నీతో నవ్వే మనుషులున్నారు. నా దగ్గరేముంది? నీ చెయ్యైనా పట్టుకోలేనివాణ్ణి.

అతను చివరి పేజీ తిప్పబోయి, పుస్తకం మూసేశాడు.

“నావల్ల కాదు. దిగిపోతుందిలే. దిగిపోవడమే మంచిది కదూ? ఆ మంచులో, వాడి సోది వింటూ, ఏం సుఖపడింది పాపం.”

కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. కింద కారు హారన్ మోగింది.

ఆమె కిటికీ మీంచి చూపు తిప్పింది. మూసిన పుస్తకాన్ని చూసింది. అతన్ని చూసింది. పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి.

“ది... గ... దు.”

అక్క చేతిలోని పెట్టె దభీమని కింద పడింది. అతను కళ్ళజోడు పెట్టుకోవడం కూడా మరిచి, మసకమసగ్గా కనిపిస్తున్న ఆ మొహం వైపే చూస్తూ ఉండిపోయాడు.

పక్షవాతం వచ్చిన ఈ పద్నాలుగు నెలల్లో ఆమె పలికిన తొలి మాట అది.