మేకలెన్ని?

"మేకలెన్ని ఉండాయక్కా?" యూనివర్సిటీలో అంతర్జాతీయ అభివృద్ధి చదువుతున్న దీవెన సర్వే కాగితం తీసి అడిగింది.

"ఒగటీ లేదు." ఈరక్క గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "ఉండాయంటే రేషన్ కార్డు తీసేస్తారు."

"ఇది నా చదువు కోసమే."

"పోయినసారొచ్చినోళ్లూ ఇట్లే చెప్పిరి. మీ యమ్మ ఏం చేస్తాది పాపా?"

"వేంపల్లెలో కూలికి పోతాది."

"మీ ఇంటికి ఇట్లాంటోళ్లొస్తే నిజం చెప్తాదా?"

దీవెన పెన్ను ఆగింది. పేదరికం మీద తను బట్టీపట్టిన లెక్కలన్నీ ఇట్లా ఏదో గుమ్మం దగ్గర రాసుకున్నవే.

"చెప్పదక్కా. మేకల్ని చర్చి ఎనక్కి తోలేది. మేకపిల్ల అరవకుండా నేనే దాని నోరు మూసిపట్టేదాన్ని."

ఈరక్క ఇంట్లోకి తిరిగి మొగుణ్ణి కేకేసింది.

"ఏమయ్యో, ఇంగ దాని నోరు ఇడిసిపెట్టు."