అవతలి మేతమడి

మార్లిస్ ఇచ్చిన సాసేజ్ పొట్లాన్ని ఆ కొత్త మనిషి రెండు చేతులతో అందుకుని, కాసేపు చూసి, మళ్లీ ఆమె చేతుల్లోనే పెట్టాడు.

"నేను జింక మాంసం తిననండీ."

విస్కాన్సిన్ పల్లెలో ఆ మాట అనాలంటే ధైర్యమైనా ఉండాలి, జ్వరమైనా ఉండాలి.

"ఒక్కటి రుచి చూడండి. పోయిన నవంబర్‌లో, ఇదిగో ఈ మలుపులోనే కారుకు తగిలిన జింక. ఊరికే కుళ్లిపోనిస్తామా? నేనే తెచ్చి చేశాను."

అతను మలుపు వైపు చూశాడు.

"ఉంటానండీ," అని తను ఉంటున్న ట్రెయిలర్ ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

పేరు లేలండ్. రోడ్డుకు అవతల, అడవిని ఆనుకుని ఉన్న ముసలి సెల్మర్ పొలంలో ఓ ముక్క అడిగి తీసుకున్నాడు. రాతకోతలేం లేవు. చేతులు కలిపారు, అంతే. ఆ చుట్టుపక్కల అదే రిజిస్ట్రేషన్.

తిరిగొచ్చిన సాసేజ్‌తో పాటు కోపాన్ని కూడా మార్లిస్ ఫ్రీజర్‌లోనే పెట్టింది. అందులో ఏదీ చెడిపోదు.

ఏటా వేసినట్టే ఆగస్టులో ఇంటి వెనక, జింకలను రప్పించే మేతమడి వేసింది. సగం టర్నిప్ దుంప, సగం ముల్లంగి. గట్టిగా మంచు కొడితేగాని టర్నిప్‌కు తీపి ఎక్కదు. ఎక్కిందా, జింకలు అడవిలోంచి రోడ్డు దాటి బారులు తీరి వస్తాయి.

ఆ బారులో ఈ ఏడు ఒకడు రావాలి. ఎడమ కొమ్ము వంకర తిరిగిన మగజింక. మూడేళ్లుగా తుపాకి గురిలోకి వస్తూనే ఉన్నాడు. "ఇంకా ఎదగరా నాయనా" అని ఆమె వదిలేస్తూనే ఉంది. తమ పిల్లల్ని కూడా ఇంత ఓపిగ్గా పెంచలేదని ఆమె మొగుడి ఫిర్యాదు.

మంచు కొట్టింది. టర్నిప్ తీపెక్కింది.

ఒక్క జింకా రాలేదు.

దుర్భిణీ పెట్టి చూస్తే, రోడ్డుకు అవతల లేలండ్ మడి. పచ్చగా క్లోవర్, రై గడ్డి. పెళ్లి పంక్తిలో కూర్చున్నట్టు జింకలు. మధ్యలో వంకరోడు, తలైనా ఎత్తకుండా.

"మూడేళ్లు నా టర్నిప్‌లు తిని, ఎంత పని చేశావురా!" అంది మార్లిస్.

తిన్నగా రోడ్డు దాటింది.

"మీరు వేటాడతారా?"

"లేదండీ."

"తినరు, వేటాడరు. మరి నా జింకలతో మీకేం పని?"

"అవి ఇటువైపే ఉంటే చాలండీ. వచ్చే ఏడు మీ టర్నిప్‌లు కూడా ఇక్కడే వేసుకోండి. నేను దున్ని పెడతాను. వేట కూడా ఇక్కడే చేసుకోండి."

"నిన్నగాక మొన్నొచ్చి, నా మడి ఎక్కడుండాలో నాకు చెబుతున్నారా?"

అతను ఓసారి రోడ్డు వైపు చూసి ట్రెయిలర్లోకి వెళ్లిపోయాడు.

మర్నాడు మార్లిస్ యాపిల్ పై కాల్చి పట్టుకుని సెల్మర్ ఇంటికి వెళ్లింది.

"ఏమ్మా, నా పుట్టినరోజు ఇంకా రాలేదే!" అన్నాడు సెల్మర్, కత్తి కోసం వెతుకుతూ.

"అడవి పక్క ముక్క నాకిచ్చెయ్యి పెద్దాయనా."

"అతనితో చెయ్యి కలిపానే."

"మీ కొట్టం కాలిపోతే, కొత్తది లేపడానికి మా నాన్న కూడా చెయ్యే కలిపాడు."

సెల్మర్ ఆలోచనలో పడ్డాడు. యాపిల్ పైలో రెండో ముక్క తిన్నాక ఆలోచన తెగింది. మాట కూడా తెగింది.

లేలండ్ వాదించలేదు. ట్రెయిలర్‌ను బండికి తగిలించుకుని వెళ్లిపోయాడు.

"మంచు కరిగేదాకా ఆ గడ్డి మాత్రం దున్నొద్దని మరీ మరీ చెప్పి పోయాడు," అన్నాడు సెల్మర్.

మార్లిస్ ఆ మధ్యాహ్నమే దున్నేసింది.

వారం తిరక్కుండానే జింకలు మళ్లీ ఆమె టర్నిప్‌ల దారి పట్టాయి. సంతోషంతో ఆమె తుపాకి రెండుసార్లు తుడిచింది.

వేట సీజన్ రేపనగా, పొద్దుగుంకే వేళ ఆ ఊళ్ల పోలీసు, డెప్యూటీ ఆర్డెన్ ఫోన్ చేశాడు. ఆమెతో బళ్లో చదువుకున్నవాడు.

"మార్లిస్, మలుపులో పెద్ద మగజింక. పాల ట్యాంకర్ కొట్టింది. డ్రైవర్‌కేం కాలేదు. నీకు కావాలా?"

బండి వేసుకుని వెళ్లింది. టార్చి వెలుగులో ముందు కనిపించింది ఎడమ కొమ్ము.

వంకర కొమ్ము.

మార్లిస్ వెళ్లి ఆ కొమ్ము పట్టుకుంది.

"అంతా ఆ లేలండ్ వల్లే! వీటికి రోడ్డు దాటడమే మరిపించి పోయాడు."

"అందుకే కదా అతను వచ్చింది," అన్నాడు ఆర్డెన్. "అతనున్నన్నాళ్లూ ఈ మలుపుకి నన్నెవరూ పిలవలేదు."

"అతనికెందుకు అంత పట్టింపు?"

ఆర్డెన్ వంగి జింక ముందు కాళ్లు పట్టుకున్నాడు.

"పోయినేడు జింకను ఎత్తేటప్పుడు వెనక కాళ్లు ఎవరు పట్టారో గుర్తుందా?"

"ఎవరో దారిన పోయేవాడు. చీకట్లో మొహం కూడా చూళ్లేదు. 'కాస్త పట్టండి' అంటే వచ్చి పట్టాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు."

"ఎవరికీ చెప్పొద్దన్నాడు. నీకసలే చెప్పొద్దన్నాడు."

"ఏమిటి?"

"కారు నడిపిన అతని భార్యని అంబులెన్స్ తీసుకెళ్లాక, నేను ఆస్పత్రికి దింపుతానంటే నా కోసం ఆగి నిలబడ్డాడు, మార్లిస్. మేం వెళ్లేసరికే ఆవిడ పోయింది. నువ్వు కాళ్లు పట్టమన్నది లేలండ్‌నే."