సూదిపిల్ల

"చెప్పమ్మా, నేనెవరిని?"

మంచం అంచున కూర్చుని, పిప్పరమెంటు బిళ్ల అరచేతిలో పెట్టుకుని అడిగింది కూతురు. తల్లి గోడవైపు చూసింది. కిటికీవైపు చూసింది. చివరికి పిల్ల మొహంలోకి చూసింది.

"సూ... సూదిపిల్ల."

పిల్ల మొహం చాటంతయింది. బిళ్ల తల్లి చేతిలో పెట్టింది. తల్లి దాన్ని గుప్పిట్లో దాచుకుని, దిండువైపు తిరిగి పడుకుంది. నలుగురిలో తినడం అమ్మకు ముందునుంచీ మొహమాటమే అనుకుంది కూతురు.

"అమ్మేమన్నా కుక్కా, బిళ్ల చూపించి మాట నేర్పడానికి?" అన్నాడు తండ్రి గుమ్మంలోంచి. పక్కింటాయన కుక్కకు బిస్కెట్టు ముక్కలేసి కూర్చోవడం నేర్పుతుంటే చూసి పిల్ల పట్టుకొచ్చిన కిటుకది.

"నేర్పట్లేదు నాన్నా. గుర్తుచేస్తున్నా."

జ్వరం తలకెక్కి దిగేసరికి తల్లి అన్నీ మరిచిపోయింది. వీధి వీధంతటికీ బట్టలు కుట్టిన మనిషి, కుట్టుమిషన్ని చూసి ఇదేమిటని అడిగింది! సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది కూతురే. అందుకే ఆ ముద్దుపేరు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ఆ పిల్ల వాటేసుకుని ఏడిస్తే, తల్లి బెదిరిపోయి తనూ ఏడ్చింది.

"కన్నకూతుర్నే గుర్తుపట్టలేనిదాన్ని మీరేం చూసుకుంటారు? ఆదివారం వచ్చి తీసుకుపోతా" అంది పెద్దమ్మ ఫోన్లో. పొద్దున బస్సెక్కితే చీకటిపడ్డాకే ఇల్లు చేరే డ్రైవరు తండ్రి. ఏమనగలడు? "గుర్తుపడితే మాత్రం ఇక్కడే ఉంచుదాం వదినా" అన్నాడు.

అందుకే ఆ బిళ్లల డబ్బా. మొదట్లో "సూ" అన్నా బిళ్లే, "సూది" అన్నా బిళ్లే. తర్వాత పేరు పూర్తిగా పలికితేనే. పలకని పూట బిళ్లా లేదు, నవ్వూ లేదు. పిల్ల మొహం వేలాడేసుకుని లేచిపోయేది. తల్లి ఆ వెళ్లినవైపే చూస్తూ ఉండిపోయేది.

ఆదివారం పెద్దమ్మ వచ్చింది. చెప్పులు విప్పీ విప్పకముందే అడిగింది.

"ఏమే, ఈ పిల్లెవరో చెప్పు?"

కూతురు అటూ ఇటూ వెతుక్కుంది. డబ్బా వంటింట్లో ఉండిపోయింది. చేతులు ఖాళీ. పెదాలు వణుకుతున్నాయి, కళ్లు నిండుతున్నాయి. తల్లి ఆ మొహంలోకే తేరిపార చూసింది.

"నా సూదిపిల్ల" అంది.

బిళ్ల లేకుండానే! పైగా "నా" అన్నది ఎవరూ నేర్పలేదు. ఏడుస్తూనే నవ్వేసింది కూతురు.

పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. "కడుపుతీపి ఎక్కడికి పోతుంది! ఇక్కడే ఉండనీ మరిదీ."

పెద్దమ్మకు మంచినీళ్లు తేవడానికి గాల్లో తేలుతున్నట్టు వెళ్లిన పిల్ల, తిరిగొస్తూ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

తల్లి దిండు గలీబులోంచి గుప్పెళ్లతో పిప్పరమెంటు బిళ్లలు తీస్తోంది. ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఒక్కటీ తిన్నట్టు లేదు.

"ఇవి దాచి ఆ పిల్లకే ఇచ్చెయ్యమ్మా" అంటోంది పెద్దమ్మతో, గొంతు తగ్గించి. "నాకు తీపి పడదు. వద్దంటే చిన్నబుచ్చుకుంటుందని తీసుకున్నా."

"మరి ఆ పేరు..."

"ఎవరి పిల్లో పాపం, అలా అంటేనే నవ్వుతుంది."