‘లుక్ అప్’ అంటే

ఏలూరులో ఆ స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులు మేడమీద గదిలో జరుగుతాయి. మధ్యాహ్నం మూడింటి బ్యాచ్‌కి ఇందుజ పాఠం మొదలుపెట్టబోతుంటే, గుమ్మం దగ్గర ఒక ముసలాయన కనిపించాడు. చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

“అడ్మిషన్ కోసమా అండీ? మనవడికా?” అంది ఇందుజ.

“కాదమ్మా. ఇంగ్లీషు ముక్క ఒకటుంది. అర్థం చెబుతారేమోనని.”

పేరు విశ్వాసం అన్నాడు. మండవల్లి అవతల, కొల్లేటి గట్టు మీద ఉంటుందట వాళ్ల ఊరు.

జేబులోంచి ఒక కార్డు తీశాడు. ఒక వైపు కొంగ బొమ్మ. రెండో వైపు వణికే అక్షరాల్లో ఒకే ఒక్క ఇంగ్లీషు వాక్యం.

ఐ షల్ లుక్ యూ అప్ దిస్ వింటర్.

“లుక్ అంటే చూడ్డం, అప్ అంటే పైకి. అంతవరకూ తెలుసండి. ఈ చలికాలం నన్ను పైకి చూస్తాననడం ఏంటో తెలీలేదు.”

వెనక బెంచీలో ఎవరో నవ్వారు. ఇందుజ గడియారం చూసుకుంది.

“లుక్ అప్ అంటే పుస్తకంలో వెతకడమండీ. తెలీని మాట డిక్షనరీలో చూస్తాం కదా, అలాగ.”

“అయితే ఈ కార్డు రాసినాయన ఇక్కడికి రారన్నమాట.”

“వస్తానని ఇందులో ఎక్కడా లేదండీ.”

ఆయన కార్డు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

“మా అమ్మాయి తాడేపల్లిగూడెంలో ఉంటుందండి. నాకు ఒంట్లో బాగోడం లేదని, వచ్చేయమని ఒకటే పోరు. ఈయన వస్తారేమోనని ఆగాను. ఇంక బయల్దేరతాను.”

వెళ్తూ వెళ్తూ కిటికీ దగ్గర ఆగాడు.

“నత్తగుల్ల కొంగలు వచ్చేశాయి” అన్నాడు, తనలో తను అనుకున్నట్టు.

పిల్లలంతా తలలు తిప్పి చూశారు. ఉత్త ఆకాశం. చాలాసేపటికి గానీ, ఎక్కడో ఎత్తున, నువ్వుగింజలంతేసి చుక్కలు నెమ్మదిగా చుట్లు తిరుగుతున్నట్టు ఎవరికీ తెలీలేదు.

అప్పటికి ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఎనిమిది రోజుల తర్వాత పాఠంలో ఆ మాటే వచ్చింది.

“లుక్ అప్‌తో తలా ఒక వాక్యం చెప్పండి” అంది ఇందుజ.

తల ఎత్తి చూడటం అన్నారు ఒకరు. డిక్షనరీ అన్నారు ఇంకొకరు. కలిదిండిలో రొయ్యల చెరువులున్న సాల్మన్, “మాకు రోజులు బాగుపడుతున్నాయి అనడానికి కూడా వాడొచ్చా మేడమ్?” అనడిగాడు.

“వాడొచ్చు.”

చాందిని లేచింది. “వెన్ యూ కమ్ టు ఏలూరు, లుక్ మీ అప్. మా ఊరొస్తే వచ్చి నన్ను కలవండి అని, మేడమ్.”

ఇందుజ చేతిలో మార్కర్ ఆగిపోయింది.

ఆ అర్థం ఆమెకి తెలుసు. చదువుకునే రోజుల నుంచీ తెలుసు. ఆ మధ్యాహ్నం తొందరలో తట్టలేదంతే.

ఆదివారం మొదటి బస్సుకే మండవల్లి వెళ్లింది. అక్కణ్ణుంచి ఆటో. మంచులో చెరువు గట్లు, కొబ్బరిచెట్లు, నీళ్లు ఏవి ఎక్కడ మొదలవుతాయో తెలీకుండా కలిసిపోయి ఉన్నాయి. ఆటో నేల మీద కాక ఆ తెలుపులోనే తేలిపోతున్నట్టుంది.

విశ్వాసం ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి యేసమ్మ చేపల బుట్ట దింపి దగ్గరికొచ్చింది.

“గూడెంలో కూతురి దగ్గరికెళ్లారండి. వెళ్లిన నాలుగో రోజు, నిద్దట్లోనే పోయారు. సమాధి కూడా అక్కడే చేశాం. తమరెవరండీ?”

“ఏలూరు నుంచండీ” అంది ఇందుజ, తాళం వంకే చూస్తూ.

“పొద్దున్నే ఇంకొకాయన కూడా వచ్చారండి, పూనా నుంచి. పక్షుల మీద లావుపాటి పుస్తకాలు రాసిన ప్రొఫెసరు గారంట. కబురు చెప్పినప్పట్నించీ అదిగో, అలా నీళ్ల వంకే చూస్తూ కూర్చున్నారు.”

గట్టు చివర తెల్లజుట్టు మనిషి. పక్కన ఒక సంచీ. ఇందుజ వెళ్లి ఆయనకి కొంచెం ఎడంగా నిలబడింది.

“మీ కార్డుకి అర్థం విశ్వాసం గారు నన్నే అడిగారండీ. నేను తప్పు చెప్పాను. మీరొస్తున్నారని తెలిస్తే ఆయన ఇక్కడే ఉండేవారు.”

గూడబాతులు ఒక బారుగా నీటి మీద దిగాయి. నీళ్లు కదిలి, మళ్లీ నెమ్మదించాయి.

“తెలుగు నాకు మాట్లాడ్డమే వచ్చమ్మా, రాయడం రాదు. వస్తున్నానని తేలిక మాటల్లో రాసుంటే సరిపోయేది. తప్పు నాది.”

ఆ తెలుగులో అచ్చం కొల్లేటి గట్టు యాస ఉంది. ఇందుజకి ఆశ్చర్యం వేసింది.

“ఈ సరస్సులో మీకు దోనె నడిపింది ఆయనేనా అండీ?”

ఆయన కాదన్నట్టు తలూపారు.

“ఇరవై నాలుగేళ్ల వయసులో, డిగ్రీ కాగితమే తప్ప పక్షుల గురించి ఏమీ తెలీకుండా ఇక్కడికొచ్చాను. పదకొండు చలికాలాలు దోనెకి గెడ వేసింది నేనమ్మా. ఆయన ముందు కూర్చుని పాఠం చెప్పేవారు.”