ఓటమి గడి

ఎంబీఏ దరఖాస్తులో ఒక్క గడే మిగిలింది: "మీకు ఎదురైన ఒక ఓటమి గురించి రాయండి." సంహితకు రాయడానికేమీ లేదు. పసిపిల్లగా తొట్టెల వేడుక నాడే తల్లి ఆమె చెవికి పెట్టించిన 'తోడు' అనే యంత్రం, ఆటైనా స్నేహమైనా, ఓడిపోయేదైతే ముందే వద్దనేది. ఆమె ఆగిపోయేది.

"నా మెస్సు మూతబడ్డ ముచ్చట రాయి బిడ్డా," అంది వంటింట్లోంచి తల్లి.

"అది నీదమ్మా. నాదొకటి కావాలె."

"అయితే గడి ఖాళీగనే పంపు. సీటు రాకుంటే అదే నీ మొదటి ఓటమైతది. వచ్చే ఏడు దాన్నే రాస్తువు."

సంహిత తొలిసారి తోడును అడక్కుండా 'పంపు' నొక్కింది.

చెవిలో తోడు మెత్తగా చెప్పింది: "సీటు రాదు. నువ్వు బాధపడకూడదని దరఖాస్తు వెనక్కి తీసుకున్నాను."

"పోయిందా బిడ్డా?" వంటింట్లోంచి ఆశగా అడిగింది తల్లి.